ఒకే నది, రెండు నీళ్లు: జయాన్ నారోస్ నడక

సభకు నమస్కారం.

అమెరికాలోని నారోస్ అనే ఇరుకు నదీలోయకు ఎప్పుడు వెళ్లాలి, అందులో ఎలా నడవాలి, ఏం పట్టుకెళ్లాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పమని నన్ను ఇక్కడికి పిలిచారు. తప్పకుండా చెబుతాను. అయితే ఆ మూడింటికీ జవాబు ఆ నదిలోని నీటిలోనే ఉంది. ఆ నీరు ఎక్కడి నుంచి వస్తుందో, ఎంత కాలానికి వస్తుందో తెలిసినవారికి మిగిలిన సంగతులు చాలావరకు వాటంతటవే బోధపడతాయి. అందుకని చెప్పులూ సంచులూ కాసేపు పక్కన పెట్టి, ఆ చోటి గురించీ ఆ నీటి గురించీ ముందు మాట్లాడతాను.

యూటా రాష్ట్రపు నైరుతి మూలన ఉన్న జయాన్ నేషనల్ పార్క్‌లో వర్జిన్ నది ఉత్తరపాయ ఒక ఇసుకరాతి పీఠభూమిని నిలువునా కోసుకుంటూ కిందికి దిగుతుంది. ఎగువన ఛాంబర్లెయిన్స్ రాంచ్ నుంచి దిగువన టెంపుల్ ఆఫ్ సినవావా వరకు ఈ దారి ఇంచుమించు 16 మైళ్లు, అంటే సుమారు 26 కిలోమీటర్లు. అందులో కొన్నిచోట్ల లోయ గోడలు వెయ్యి అడుగుల ఎత్తుకు లేస్తాయి, కొన్నిచోట్ల వాటి మధ్య ఎడం 20, 30 అడుగులకు తగ్గిపోతుంది. అంత ఇరుకులో ఒడ్డు అన్నదే ఉండదు. ఈ గోడ మొదలు నుంచి ఆ గోడ మొదలు దాకా నీరే పరుచుకుని ఉంటుంది కనుక, నడిచేవాళ్లు ఆ నీటిలోకి దిగి నదినే బాట చేసుకోవాలి.

1872లో గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ అనే భూవిజ్ఞాని సర్వే పనిమీద ఈ లోయ గుండా వచ్చి దీన్ని నారోస్, అంటే ఇరుకులు, అని పిలిచాడు. ఆయన రావడానికి ఎంతో ముందు నుంచీ ఇది దక్షిణ పాయూట్ ప్రజల నేల. 1909లో ఈ లోయను మొదటిసారి రక్షిత ప్రాంతంగా ప్రకటించినప్పుడు దానికి ముకుంటువీప్ అన్న పాయూట్ పేరే పెట్టారు. 1918లో ఆ పేరు తీసేసి జయాన్ అన్నారు, మరుసటి ఏడు నేషనల్ పార్క్ చేశారు. పాత పేరు పోయినందుకు నాకు ఇప్పటికీ మనసులో కష్టంగానే ఉంటుంది. అయినా నది దగ్గరికి వెళ్లే బస్సు చివరి మజిలీలో ఒక పాయూట్ మాట మిగిలే ఉంది: సినవావా అంటే వారి గాథల్లోని తోడేలు జాతి దేవుడు, కయోటీ.

ఇక ఆ గోడల సంగతి. ఇవి నావహో ఇసుకరాయి. జురాసిక్ కాలంలో, ఇప్పటికి ఇంచుమించు 18 కోట్ల ఏళ్ల కిందట, ఇక్కడ ఒక మహా ఎడారి ఉండేది. గాలి పోగుచేసిన ఇసుక తిన్నెలు ఒకదాని మీద ఒకటి పూడిపోయి, గట్టిపడి, కొన్నిచోట్ల రెండు వేల అడుగులకు మించిన మందంతో రాయి అయ్యాయి. గోడకు దగ్గరగా నిలబడి చూస్తే ఏటవాలు గీతలు బారులుగా కనిపిస్తాయి. అవి ఆనాటి తిన్నెల వాలులు. ఏ గాలికి ఇసుక ఎటు జారిందో ఆ జారుడు అలాగే రాతిలో నిలిచిపోయింది. ఈ రాతి కింద కయెంటా అనే మరో పొర ఉంది. అది ఒండ్రూ బురదా పేరుకుని ఏర్పడిన మెత్తని పొర, నీటిని తేలికగా కిందికి దిగనివ్వనిది.

దిగువన ఉన్న ప్రధాన లోయలో నది ఇప్పటికే నావహో రాతిని పూర్తిగా కోసి కయెంటా పొరను చేరింది. కింది మెత్తని పొర అరిగిపోతుంటే పైనున్న ఇసుకరాయి కాలి కింద నేల జారినట్టు పలకలు పలకలుగా కూలుతుంది, అందువల్లే అక్కడ లోయ విశాలంగా తెరుచుకుంది. ఎగువకు పోయేకొద్దీ ఆ మెత్తని పొర నది అడుగుకన్నా లోతుకు వెళ్లిపోతుంది. అక్కడ నదికి రెండు పక్కలా, అడుగునా గట్టి రాయే గనుక గోడల మొదళ్లను తొలిచే వీలు లేక నది నిలువునా కిందికే కోసుకుపోతుంది. టెంపుల్ ఆఫ్ సినవావా దగ్గర బస్సు దిగి, రివర్‌సైడ్ వాక్ అనే చదునైన బాట మీద ఒక మైలు నడిచే లోపలే ఈ మార్పు కంటికి తెలుస్తుంది. గోడలు నెమ్మదిగా దగ్గరకొస్తాయి, చెట్లు పలచబడతాయి, చివరికి బాట నాలుగు మెట్లు దిగి నీటిలో కలిసిపోతుంది.

జయాన్ లోయలో ఏడాది మొత్తం మీద పడే వాన 15 అంగుళాలకు అటూ ఇటూ. అంత తక్కువ వాన రెండు దారుల్లో నదిని చేరుతుంది. కొంత నీరు బోడి రాతి మీద పడి, ఇంకే వీలు లేక, వాగుల్లోకి జారి గంటల్లో నదిలో కలుస్తుంది. కొంత నీరు, ముఖ్యంగా పీఠభూమి మీద నెమ్మదిగా కరిగే మంచు నీరు, ఇసుకరాతి రేణువుల సందుల్లోంచి కిందికి కిందికి దిగుతూ పోయి, ఇంక దిగలేని పొర తగిలాక పక్కకు తిరిగి గోడలోంచి ఊటగా బయటికి వస్తుంది. దిగువ లోయలో వీపింగ్ రాక్ అనే చోట గోడలోంచి కారే నీరు వానగా పడి దాదాపు 1200 ఏళ్లయిందని చెబుతారు. నారోస్‌లో నడిచేటప్పుడు మోకాళ్లను తాకే ప్రవాహంలో ఈ రెండు నీళ్లూ కలిసే ఉంటాయి. వెయ్యేళ్ల నాటి నీరు ఏడాది పొడవునా నదిని బతికిస్తుంది. గంట కిందటి నీరు మనుషుల ప్రాణాలు తీయగలదు.

ఈ మాట భయపెట్టడానికి అనడం లేదు. 1961 సెప్టెంబరులో నారోస్‌లో నడుస్తున్న ఒక బృందం మీదికి హఠాత్తుగా వరద వచ్చి ఐదుగురు చనిపోయారు. 1998లో ఇద్దరు కొట్టుకుపోయారు. 2015 సెప్టెంబరు 14న, ఇదే పార్క్‌లోని కీహోల్ అనే మరో ఇరుకు లోయలోకి దిగిన ఏడుగురిలో ఒక్కరు కూడా బయటికి రాలేదు. వీరిలో కొండలూ లోయలూ తిరిగిన అలవాటున్నవారూ ఉన్నారు. ఇరుకు లోయలో నిలబడినవారికి తల మీద కనిపించేది ఒక రిబ్బను ముక్కంత ఆకాశం. ఆ ముక్క నీలంగా మెరుస్తున్నప్పుడే, ఎన్నో మైళ్ల అవతల, మనం చూడలేని ఆకాశంలోంచి వాన కురుస్తూ ఉండవచ్చు. ఆ వాన పడే రాతి మీద మట్టి తక్కువ, చెట్టు తక్కువ. పడిన నీరంతా దొర్లుకుంటూ వచ్చి ఈ 20 అడుగుల సందులో దూరాలి. విశాలమైన నదిలో జానెడు పెరిగే నీరు ఇక్కడ నిలువెత్తు పెరుగుతుంది. గోడల మీద తల ఎత్తి చూడండి, మన ఎత్తుకు రెండింతలు పైన పగుళ్లలో చెట్ల దుంగలు ఇరుక్కుని కనిపిస్తాయి. వాటిని అక్కడ పెట్టింది ఏటి నీరే.

అందుచేత ఎప్పుడు వెళ్లాలన్న ప్రశ్నకు నా జవాబు ఇది. వసంతంలో పైన మంచు కరిగి నది పోటెత్తుతుంది, ఆ రోజుల్లో చాలాసార్లు దారి మూసే ఉంటుంది. ప్రవాహం సెకనుకు 150 ఘనపుటడుగులు, అంటే 4,200 లీటర్ల పైచిలుకు దాటితే పార్క్ వారు నారోస్‌లోకి ఎవరినీ పోనివ్వరు. జులై నడిమి నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నపు ఉరుముల వానల కాలం, నీరు తక్కువగా, వెచ్చగా ఉండే కాలమూ అదే కావడం ఈ చోటి విచిత్రం. వేసవి మొదట్లో మంచు నీరు తగ్గాక, వానలు మొదలయ్యే ముందు దొరికే కొద్ది వారాలు, మళ్లీ వానలు వెనుదిరిగాక శరదృతువు, ఈ రెండూ నాకు ఇష్టమైన కాలాలు. చలికాలంలోనూ వెళ్లేవారున్నారు, అయితే నీరు లోపలికి రాని డ్రైసూట్ లేకుండా ఆ నీటిలో ఎక్కువ సేపు ఉండడం ప్రమాదం.

వెళ్లే రోజు ఉదయాన జాతీయ వాతావరణ సంస్థ ఇచ్చే హఠాత్తు వరదల అంచనా చూడాలి. దాన్ని నాలుగు మెట్లుగా చెబుతారు: అవకాశం లేదు, ఉండవచ్చు, బాగా ఉంది, ఖాయం. మొదటి మెట్టు పడిన రోజున కూడా వరద అసాధ్యమని అర్థం కాదు, ఆ అంచనా మొత్తం ప్రాంతానికి ఇచ్చేది, ఒక్కొక్క వాగుకు ఇచ్చేది కాదు. వరద హెచ్చరిక వెలువడిన మరుక్షణం నారోస్‌ను మూసేస్తారు, హెచ్చరిక ఎత్తివేశాక కూడా రెండు గంటలు ఆగి గాని తెరవరు. ఆ రెండు గంటల లెక్కను నేను ఎంతో గౌరవిస్తాను. వాన ఆగినంత మాత్రాన నీరు ఆగదని తెలిసినవారు పెట్టిన లెక్క అది.

లోపలికి వెళ్లాక సూచనలు ఇచ్చేది నదే. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరగడం, నీటి మట్టమో ఒరవడో పెరగడం, ఆకులూ పుల్లలూ గుంపుగా తేలి రావడం, ఎగువ నుంచి హోరు పెరగడం, ఉరుము వినబడడం. వీటిలో ఏ ఒక్కటి తగిలినా, రెండో దాని కోసం ఎదురుచూడకుండా, దగ్గరలో ఉన్న ఎత్తుకు ఎక్కాలి. నాలుగు అడుగుల ఎత్తు కూడా ప్రాణం నిలబెట్టవచ్చు. వరదకన్నా ముందు పరుగెత్తి దిగువకు చేరుకుందామన్న ఆలోచన పనికిరాదు. ఎక్కడానికి ఏమీ లేకపోతే, గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన రాతి వెనక చేరితే, మొదటి ఉరవడిలో వచ్చే దుంగల దెబ్బనైనా తప్పించుకోవచ్చు. అందుకే నడుస్తున్నంతసేపూ, ఫొటో తీసుకోవడానికి ఆగినప్పుడు కూడా, ఇక్కడికిక్కడ నీరు వస్తే ఎటు ఎక్కుతాను అని కళ్లు వెతుకుతూనే ఉండాలి.

ఒక ఆగస్టు ఉదయం మా బావమరిది, నేను దిగువ నుంచి బయలుదేరాం. ఆ రోజు అంచనా రెండో మెట్టు మీద ఉంది, వరద ఉండవచ్చని. రెండు గంటలు నడిచి, కుడివైపు నుంచి ఆర్డర్‌విల్ లోయ వచ్చి కలిసే చోటు దాటాం. అక్కడి నుంచి వాల్ స్ట్రీట్ అని పిలిచే భాగం మొదలవుతుంది, మొత్తం దారిలోకెల్లా ఇరుకైనది, ఎక్కడానికి ఎత్తు దాదాపు లేనిది. అందులో మూడో మలుపు దగ్గర నా కర్ర అడుగు కనిపించలేదు. అంతవరకు మోకాలి లోతులో గులకరాళ్లు లెక్కపెట్టగలిగేలా ఉన్న నీరు పలచని తేనీటి రంగుకు వచ్చింది. గోడ మీద ముందటి తడి గీత ఎక్కడుందో చూశాను, నీరు దాన్ని బెత్తెడు మించింది.

"ఆకాశం నీలంగానే ఉంది కదా బావా, ఇంకొక్క మలుపు చూసి వెనక్కి తిరుగుదాం" అన్నాడు మా బావమరిది. వద్దన్నాను. అప్పుడే మమ్మల్ని దాటుకుని ఐదారుగురు ఎగువకు పోయారు. మేము వెనక్కి తిరిగి, ఆర్డర్‌విల్ కలిసే చోట కొంచెం ఎత్తుగా ఉన్న గట్టెక్కి గంటకు పైగా కూర్చున్నాం. నీరు ఇంకో జానెడు పెరిగి, మధ్యాహ్నానికి మళ్లీ తగ్గింది. పైకి వెళ్లినవారు క్షేమంగా నవ్వుకుంటూ తిరిగొచ్చారు. ఆ రోజు పెద్ద వరదేమీ రాలేదు. మా బావమరిది దారి పొడవునా ఏమీ మాట్లాడలేదు. అయినా ఆ నిర్ణయాన్ని నేను ఒక్కసారి కూడా తప్పని అనుకోలేదు. నది చెప్పిన మొదటి మాటకే కదలడం తప్ప, అది మాట నిలబెట్టుకుంటుందో లేదో చూడడానికి వాల్ స్ట్రీట్‌లో నిలబడడం నాకు చేతకాదు.

ఇక నడక. కింది నుంచి పైకి వెళ్లేవారికి ఏటికి ఎదురీదడం అన్న మన నానుడి అక్షరాలా అనుభవంలోకి వస్తుంది. నది అడుగున ఉన్నవి గుండ్రని రాళ్లు, వాటి మీద పాచి. నూనె రాసిన పొత్రాల మీద నడుస్తున్నట్టు ఉంటుంది, పైగా నీరు మట్టిగా ఉంటే అవి కనిపించవు కూడా. అందుకే కర్ర. సన్నని ట్రెక్కింగ్ కర్రల మొనలు రాళ్ల సందుల్లో ఇరుక్కుంటాయి, భుజమెత్తు బలమైన మొద్దు కర్ర ఒక్కటి చాలు. కర్రను మనకు ఎగువ వైపు నాటి, దాని మీద బరువు ఆన్చి, ఒక కాలు జరిపి, ఆ కాలు రాయి మీద కుదురుకుందని తెలిశాకే రెండో కాలు ఎత్తాలి. కర్రా రెండు కాళ్లూ కలిపి మూడింటిలో రెండు ఎప్పుడూ అడుగున ఆని ఉండాలి. పాదాన్ని రాయి నెత్తిన పెట్టకుండా రాళ్ల మధ్య సందులో దించితే జారదు, అయితే లోతుగా దూర్చకూడదు, పాదం ఇరుక్కుని మనిషి పడితే ప్రవాహం లేవనివ్వదు.

ఎక్కడ దాటాలో కూడా నీటిని చూసే నేర్చుకోవాలి. మలుపు తిరిగే చోట బయటి వైపు నది తొలుచుకుపోతుంది కనుక అక్కడ లోతు, లోపలి వైపు ఇసుక వేస్తుంది కనుక అక్కడ మెరక. అందుచేత నడిచేవారు ఈ మలుపు లోపలి ఇసుక మేట నుంచి తరువాతి మలుపు లోపలి మేటకు, నదిని ఏటవాలుగా కోస్తూ, గంటకు పదిసార్లు దాటుతుంటారు. నీటి మీద చిన్న చిన్న అలలు గలగలమంటున్న వెడల్పాటి చోట లోతు తక్కువ. నున్నగా, చప్పుడు లేకుండా, ముదురాకుపచ్చగా ఉన్న చోట లోతు ఎక్కువ. ప్రవాహపు వేగం రెండింతలైతే అది కాళ్ల మీద మోపే బలం నాలుగింతలవుతుంది కనుక, ఇరుకులో తొడ లోతు నీటికన్నా వెడల్పులో నడుము లోతు నిదానపు నీరే ఒక్కోసారి నయం. సెకనుకు 70 ఘనపుటడుగుల ప్రవాహం దగ్గరే ఎదురు నడక కష్టమవుతుంది. 120 దాటితే పైనుంచి కిందికి దిగడానికి అనుమతి పత్రాలే ఇవ్వరు.

పైనుంచి 16 మైళ్లూ దిగేవారికి, ఒక్క రోజులో పూర్తి చేసినా, మధ్యలో రాత్రి బస చేసినా, అనుమతి పత్రం తప్పనిసరి. కింది నుంచి వెళ్లేవారికి అది అక్కర్లేదు గాని బిగ్ స్ప్రింగ్ అనే చోట ఆగి వెనక్కి తిరగాలి, రానూపోనూ పది మైళ్ల దాకా పడుతుంది, రోజంతా సరిపోతుంది.

పట్టుకెళ్లవలసినవి తక్కువే. చీలమండను పట్టి ఉంచే, లోపల చేరిన నీరు బయటికి కారిపోయే గట్టి బూట్లు, తడిలోనూ వెచ్చదనం నిలిపే నియోప్రీన్ అనే రబ్బరు మేజోళ్లు, పైన చెప్పిన కర్ర. చెప్పులతో వచ్చినవారి కాలివేళ్లు ఏమయ్యాయో చాలాసార్లు చూశాను. నూలు బట్టలు వద్దు, తడిస్తే ఒంట్లో వేడిని లాగేస్తాయి. ఎండాకాలంలో పైన ఎంత మండినా లోయ అడుగుకు ఎండ తగిలేది కొద్దిసేపే, చల్లని నీటిలో గంటల తరబడి నడిస్తే వణుకు మొదలవుతుంది. వణికే మనిషి మాట తడబడుతుంటే ఇక నడక ఆపి, ఎండ పడే ఇసుక మేట చూసి కూర్చోబెట్టాలి. తాగే నీరు కుళాయి దగ్గరే నింపుకుని మోసుకెళ్లాలి. 2020 నుంచి వర్జిన్ నదిలో విషం పుట్టించే సయనోబ్యాక్టీరియా కనిపిస్తోంది, నడిచేవారు వాడే వడపోత పరికరాలు ఆ విషాన్ని తీసేస్తాయని నమ్మడానికి లేదు. తల ముంచడం, పుక్కిలించడం కూడా మానుకోవాలి. మలవిసర్జనకు బస్సు మజిలీ దగ్గరి మరుగుదొడ్డే ఆఖరు, ఆ పైన అవసరం పడితే ప్రత్యేకపు సంచీలో కట్టి వెనక్కి మోసుకురావాలి. ఇది చెప్పడానికి సంకోచించే విషయం గాని, గోడ నుంచి గోడకు నీరే ఉన్న చోట వేరే దారి లేదు.

చివరిగా ఆ రెండో నీటి దగ్గరికి వస్తాను. హోరుమంటున్న నది మీదే చూపు పెట్టి నడిచేవారు గోడలను దాదాపు చూడరు. నిలబడడానికి వీలైన చోట ఆగి, ఒక్కసారి గోడ దగ్గరికి వెళ్లండి. ఒక గీత వెంట, అడ్డంగా, రాయి చెమ్మగిల్లి ఉంటుంది. ఆ గీత కింద పచ్చని పాచి, నల్లని కాడలతో మెయిడెన్‌హెయిర్ ఫెర్న్ గుత్తులు, వేసవిలో ఎర్రని మంకీఫ్లవర్ పూలు వేలాడుతుంటాయి. చుట్టూ ఎడారి, మధ్యలో గోడకు వేలాడే తోట. ఆ తడి రాతి మీద వేలు పెట్టకుండా, ముఖం దగ్గరగా పెట్టి ఓపికగా చూస్తే నల్లని చుక్కలు కనిపిస్తాయి. మొదటిసారి అవి ఇసుకరేణువులనుకున్నాను. వాటిలో ఒకటి కదిలింది. ఆవగింజకన్నా కొంచెం పెద్దదైన నత్త, జయాన్ నత్త. ఈ లోయ తడి గోడల మీద తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. దాని ఒంటితో పోలిస్తే దాని పాదం చాలా పెద్దది, జారే నీటిలో రాతిని కరుచుకుని ఉండడానికి. వరద వచ్చినప్పుడు కింది గోడల మీది నత్తలు కొట్టుకుపోతాయి, పైగోడల మీద ఉన్నవి మిగులుతాయి. చేతితో ఆనుకునే ముందు, వీపు సంచీ ఆన్చే ముందు, దయచేసి ఆ గోడ తడిగా ఉందేమో చూడండి.

బిగ్ స్ప్రింగ్ దగ్గర ఆ నీరే చుక్కలుగా కాక ధారలుగా, నాచు పట్టిన రాతి పగుళ్లలోంచి దూకి నదిలో పడుతుంది. కింది నుంచి వచ్చినవారు అక్కడే ఆగాలన్న నియమం ఉంది కాబట్టి నేను వెళ్లిన ప్రతిసారీ ఆ ధారల ఎదుట కాసేపు నిలబడి తిరిగొచ్చాను. ఆ చోట నదిలో రెండు రంగులు స్పష్టంగా కనిపిస్తాయి: ఎగువ నుంచి వచ్చే నీటిలో చాలాసార్లు కొంత మట్టి ఉంటుంది, గోడలోంచి పడే నీరు అద్దంలా ఉంటుంది, కొన్ని గజాల దూరం అవి పక్కపక్కనే పారి ఆ తరువాత కలుస్తాయి. నా దగ్గర ఆ కలిసే చోటి ఫొటోలు నాలుగున్నాయి, నత్తది ఒకటి ఉంది. వాటిని తెర మీద వేస్తాను, చూస్తూ అడగదలచుకున్నవి అడగండి.